రేవు సరే, మురుగు మాటేమిటి?

2021 మార్చిలో బందరు నగరపాలక సంస్థకు ఎన్నికలు జరిగినప్పుడు ఒక అభ్యర్థి మా గుమ్మంలోకి వచ్చి, నమస్కరించి, చేతిలో కరపత్రం పెట్టాడు. అందులో ఆరు వాగ్దానాలున్నాయి. మొదటిది రేవు. రెండవది పరిశ్రమలు. మూడవది మంగినపూడి తీరంలో పర్యాటకం. ఆరవది, పుట చివర మిగిలిన జాగాలో, పారిశుద్ధ్యం. ఆ కాగితాన్ని దాచుకున్నాను. మళ్ళీ ఎన్నికలు ఎప్పుడు వచ్చినా మన చేతికి అందేది ఇంచుమించు ఇదేనని నా అనుమానం. అందుకే ఈ నాలుగు మాటలు.

"బందరు" అంటేనే రేవు. రేవు ఉండీ పోగొట్టుకున్న ఊళ్ళో పుట్టినవాణ్ణి కనుక ఆ కల మీద నాకు వెటకారం లేదు. కానీ చరిత్ర చూడండి. 2008లో ఒక ముఖ్యమంత్రి రేవు పనులకు శంకుస్థాపన చేశారు. 2019లో మరొకరు చేశారు. 2023లో ఇంకొకరు చేశారు. వారిలో ఎవరూ మా డివిజను కార్పొరేటరు సంతకం కోసం ఆగలేదు. ఆగవలసిన పనీ లేదు. అది రాష్ట్ర ప్రభుత్వం చేతిలోని పని. తన చేతిలో లేనిదాన్ని ఇస్తాననడం ఔదార్యం అనిపించుకోదు. అత్త సొమ్ము అల్లుడు దానం చేయడం అనిపించుకుంటుంది.

మరి కార్పొరేటరు పని ఏది? 1993లో అమలులోకి వచ్చిన 74వ రాజ్యాంగ సవరణ, పురపాలక సంఘాలకు అప్పగించదగిన 18 అంశాలను 12వ షెడ్యూలులో చేర్చింది. తాగునీరు, పారిశుద్ధ్యం, రోడ్లు, వీధిదీపాలు, శ్మశానాలు, మురికివాడల అభివృద్ధి అందులో ఉన్నాయి. రేవు లేదు.

బందరుకు ఈ చిన్న పనులే ప్రాణావసరం. సముద్రానికి చేరువలో, పల్లంగా, చదునుగా ఉన్న నేల ఇది. వాననీటికి వాలు దొరకడమే కష్టం. 1864 నాటి తుపానులో ఉప్పెన సుమారు 30 వేలమందిని పొట్టన పెట్టుకున్న తీరం. ఇక తాగునీరంటారా, కృష్ణ కాలువ నీటిని తరకటూరు చెరువులో నిలవ చేసుకుని తాగుతాం. కాలువలు కట్టేసిన వేసవిలో ఆ చెరువే దిక్కు. ఇలాంటి ఊళ్ళో పారిశుద్ధ్యానికి ఆరవ స్థానమా?

"రేవు వస్తే ఉద్యోగాలు వస్తాయి, తక్కినవన్నీ వాటి వెంటే వస్తాయి" అంటాడు మా మిత్రుడొకడు. ఆయన బాధ నిజమైనదే. 2001 జనాభా లెక్కలతో పోలిస్తే 2011 నాటికి ఊరు తరిగి, సుమారు 1,70,000 దగ్గర నిలిచింది. పిల్లలు చదువు ముగించి వెళ్ళిపోతున్నారు. కానీ తక్కినవి వాటంతట అవే వెంట రావు. రేవులో జీతం తీసుకునే ఇంజనీరు కాపురం ఎక్కడ పెడతాడు? 65వ నంబరు జాతీయ రహదారి మీద సుమారు 70 కిలోమీటర్లు వెళితే బెజవాడ. నిలిచిన మురుగునూ దోమలనూ చూసినవాడు పిల్లల్ని అక్కడి బడిలోనే వేస్తాడు. ఓడ ఇక్కడ ఆగుతుంది, జీతం అక్కడ ఖర్చవుతుంది. మనకు మిగిలేది లారీల దుమ్ము. రేవు ఫలం ఊరికి దక్కాలంటే ముందు ఊరు కాపురానికి పనికిరావాలి.

కనుక ఆ కరపత్రాన్ని తలకిందులు చేసి చదవమంటాను. మొదట మురుగు, తరవాత నీరు, తరవాత చెత్త. ఆపైన, ఏటా మన డివిజనుకు ఎంత డబ్బు వచ్చిందో, ఎక్కడ ఖర్చయిందో వీధిలో నిలబడి చదివి వినిపిస్తానన్న మాట. ఈసారి గుమ్మంలోకి వచ్చిన అభ్యర్థిని ఒక్కటే అడగండి: "మన వీధి మురుగుకాలవ చివరికి ఎక్కడ కలుస్తుంది బాబూ?" జవాబు తెలిసినవాడు ఏ పార్టీవాడైనా నా ఓటు అతనికే.

ఒక సంగతి ఒప్పుకోవాలి. ఆనాడు నేను ఈ ప్రశ్న అడగలేదు. "రేవు ఎప్పుడొస్తుందండీ?" అని అడిగాను. ఆయన సంతోషంగా పది నిమిషాలు చెప్పాడు, నేను సంతోషంగా విన్నాను. కరపత్రంలో ఆ వరుసను ఆయన ఒక్కడే రాశాడని ఎలా అనను?