సిద్ధేశ్వరం అలుగు: శంకుస్థాపన రైతులది, సంతకం ఎవరిది?

శ్రీశైలం జలాశయం బాగా తగ్గినప్పుడే సంగమేశ్వరం గుడి నీళ్లలోంచి బయటపడుతుంది. వేపదారు లింగాన్ని చూడవచ్చని భక్తులు సంబరపడతారు. నందికొట్కూరు వైపు రైతు లెక్క వేరు. గుడి తేలిందంటే, సీమకు నీళ్లిచ్చే పోతిరెడ్డిపాడు తూముకు అందే మట్టం కంటే నీరు కిందికి దిగిపోయినట్టే.

2016 మే 31న ఆ గుడికి దగ్గర్లోని సిద్ధేశ్వరం వద్ద వేలాది రాయలసీమ రైతులు అలుగుకు తామే శంకుస్థాపన చేశారు. పోలీసులు అడ్డుకున్నా ఆగలేదు. పిలుపునిచ్చింది నంద్యాల కేంద్రంగా పనిచేసే రాయలసీమ సాగునీటి సాధన సమితి. దాని అధ్యక్షుడు బొజ్జా దశరథరామిరెడ్డి. ఇక్కడ అలుగు కడితే శ్రీశైలం ఎంత ఖాళీ అయినా ఎగువన కొంత నీరు నిలుస్తుందన్నది వాళ్ల వాదన.

అంతమందిని కదిలించింది ఒక అంకె. శ్రీశైలం పూర్తి మట్టం 885 అడుగులు. పోతిరెడ్డిపాడు నుంచి సీమకు నీళ్లు సరిగా పారాలంటే కనీసం 854 ఉండాలి. 1996లో జీవో 69 ఆ కనీస మట్టాన్ని 834కు దించింది. 2004లో జీవో 107 మళ్లీ 854 చేసింది. ఇంజనీర్ల ఫైళ్లలో ఉండాల్సిన ఈ లెక్క సీమ ఉద్యమానికి నినాదమైంది. కృష్ణా, తుంగభద్ర నీళ్లలో సీమకు ముందు వాటా అన్న 1937 శ్రీబాగ్ ఒడంబడిక, 1951 నాటి కృష్ణా-పెన్నార్ ప్రతిపాదనలో సిద్ధేశ్వరం పేరు ఉండటం దానికి తోడయ్యాయి.

అయినా అలుగు ఎందుకు లేవలేదు? జనం పోరాడి గెలిచిన నెల్లూరు జిల్లా దూబగుంటతో పోల్చి చూడాలి. 1992లో అక్షరదీపం తరగతులకు వెళ్లిన ఆడవాళ్లు సారా దుకాణం మీదికి కదిలారు. ఊరూరా పోరు పాకి వేలం పాటలు ఆగాయి. 1993 అక్టోబరు 1న సారా నిషేధం వచ్చింది.  అక్కడ అడగాల్సింది ఒక్క ప్రభుత్వాన్ని, ఆపాల్సింది ఒక్క వ్యాపారాన్ని.

సిద్ధేశ్వరానికి అలాంటి ఒక్క గుమ్మం లేదు. 2014 తర్వాత కృష్ణ అవతలి ఒడ్డు మరో రాష్ట్రం. నది మధ్యలో కట్టే దేనికైనా తెలంగాణ, కృష్ణా బోర్డు, ట్రిబ్యునల్, కేంద్రం అడ్డొస్తాయి.

ఇంకో చిక్కు చట్టంలోనే ఉంది. 1997 చట్టంతో వచ్చిన నీటి వినియోగదారుల సంఘాలకు కాలువలో దిగిన నీటిని పంచుకునే హక్కు ఉంది. జలాశయంలో మట్టం ఎంత ఉంచాలో చెప్పే చోట రైతుకు కుర్చీ లేదు. దీనికి భిన్నంగా, కర్నూలు జిల్లా ఓర్వకల్లులో 1995 నుంచి పొదుపు సంఘాల మహిళలు ఊరి సంఘం, మండల సమాఖ్య అంటూ మెట్టు మెట్టుగా కట్టుకుని బ్యాంకులతో తామే బేరమాడే స్థితికి వచ్చారు. కర్నూలు-కడప (కేసీ) కెనాల్ ఆయకట్టు నుంచి నది దాకా అలాంటి మెట్లు లేవు. అందుకే రైతులు రోడ్డెక్కాల్సి వస్తోంది.

రోడ్డెక్కడం మాత్రం వృథా కాలేదు. సోమశిల-సిద్ధేశ్వరం మధ్య 2022లో కేంద్రం తీగల వంతెన మంజూరు చేయగానే, ‘వట్టి వంతెన కాదు, బ్రిడ్జి కమ్ బ్యారేజీ కావాలి’ అన్న డిమాండ్ లేచింది. సమితితో పాటు ఇతర నాయకులూ దాన్ని అందుకున్నారు. వంతెన డిజైన్ మారుతుందా అన్నది ఢిల్లీ తేల్చాలి. అక్కడ ఈ మాట గట్టిగా ఎత్తాల్సింది సీమ నుంచి గెలిచిన ఎంపీలు.