ప్యాకెట్ మీద ఫాస్ఫరస్ లెక్క ఏదీ?

బళ్లారి జిల్లా తెలుగువారందరికీ విన్నపం.

డయాలసిస్ మనిషి ఇంట్లో ఉంటే ఆ గోకుడు మీకు తెలుసు. అర్ధరాత్రి వీపు అందక దువ్వెనతో గీరుకుంటారు. సబ్బు పడలేదనుకుంటాం. రక్తంలో ఫాస్ఫరస్ పెరగడం కూడా కారణం కావచ్చు.

పెద్దవాళ్లకు అది డెసిలీటరుకు 2.5 నుంచి 4.5 మిల్లీగ్రాములు ఉండాలి. పెరిగితే ఎముక నుంచి ఎఫ్‌జీఎఫ్-23 అనే హార్మోను పుట్టి, 'బయటికి తోసెయ్' అని కిడ్నీకి కబురు పెడుతుంది. ఆ కబురు అందుకునేది కిడ్నీలోని క్లోతో అనే ప్రొటీను. దాని జన్యువు సంగతి 1997లో జపాన్ శాస్త్రవేత్తలు బయటపెట్టారు. అది చెడిన చిట్టెలుకలు తొందరగా ముసలివైపోయాయి, వాటి రక్తనాళాల్లో సున్నం పేరుకుంది. ఏ కొద్ది కుటుంబాల్లోనో ఈ హార్మోనుదో, క్లోతోదో జన్యువు పుట్టుకతోనే దెబ్బతిని కీళ్ల దగ్గర సున్నపు గడ్డలు కడతాయి. మనవాళ్లలో ఎక్కువమందిది ఆ కథ కాదు. షుగరు, బీపీ కిడ్నీని తినేస్తాయి, క్లోతో తగ్గిపోతుంది. ఎముక ఎంత అరిచినా వినే దిక్కుండదు.

ఫాస్ఫరస్ పెరిగిందంటే ఇరుగుపొరుగు మాత్రం పప్పు మీద, జొన్నరొట్టె మీద పడతారు. గింజల్లోని ఫాస్ఫరస్ చాలావరకు ఫైటేటు రూపంలో ఉంటుంది, అందులో సగం కూడా మన ఒంటికి పట్టదు. ఫ్యాక్టరీలో కలిపినదైతే దాదాపు 90 శాతం పడుతుంది. అలా కలిపినది ప్యాకెట్ మీద నంబరుగా కనబడుతుంది: ఉగ్గాని బజ్జీ తిన్నాక తాగే నల్ల కూల్‌డ్రింకులో 338. ప్రాసెస్డ్ చీజ్‌లో 339, 452. కొన్ని కేకుల్లో 450. నంబరైతే చీమకాళ్లంత అక్షరాల్లో ఉంటుంది. ఎన్ని మిల్లీగ్రాములో ఉండదు. 2020 నాటి లేబుల్ నిబంధనలు చక్కెర, సోడియం లెక్క అడిగాయి, ఫాస్ఫరస్‌ది అడగలేదు.

నాలుగు గంటల డయాలసిస్ తీసేది సుమారు 800 మిల్లీగ్రాములు. వారానికి మూడుసార్లు పడుకున్నా ఏడు రోజుల తిండి తెచ్చిపెట్టింది తీరదు. అందుకే డాక్టర్లు తిండిలోని ఫాస్ఫరస్‌ను పట్టేసే మాత్రలు అన్నంతోపాటు వేసుకోమంటారు. ఖాళీ కడుపున వేసుకుంటే దండగ.

మేమడిగేవి రెండు. ప్యాకెట్ మీద ఫాస్ఫరస్ ఎంతో అచ్చు వేయాలి. డయాలసిస్ రోగులకిచ్చే ఆహార పట్టిక ఈ నంబర్లతో, కన్నడంతోపాటు తెలుగులోనూ ఉండాలి. 1953లో ఆదోని, ఆలూరు, రాయదుర్గం ఆంధ్రలోకి పోయాయి గానీ, ఇటు మన వంటింట్లో తెలుగు అలాగే ఉంది.

ఈ కాగితం వెనక ఖాళీ వదిలాం. ఇంట్లో ఉన్న ప్యాకెట్లు తిప్పి చూడండి. 338 నుంచి 341, 450 నుంచి 452 వరకు ఏ నంబరు కనబడినా సరుకు పేరుతో రాసి, సంతకం పెట్టి తిరిగి ఇవ్వండి. అన్నీ కలిపి, లేబుల్ నిబంధనలు పెట్టే ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐకి పంపుతాం.