స్కూటీ సరే, పిల్లాడికెంత?



ఓ పిల్లాడి వైద్యం కోసం లక్కీ డ్రా అంటూ ఒక పోస్టరు మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో పడింది. ఒక పక్క ఆసుపత్రి మంచం మీద పిల్లాడు, ఇంకో పక్క ఎర్ర స్కూటీ, మధ్యలో క్యూఆర్ కోడ్. కూపన్ 199 రూపాయలు. నేనూ రెండు కొన్నాను. అచ్చంగా పిల్లాడి కోసమే కొన్నానంటే అబద్ధం. తగిలితే మా అమ్మాయికి కాలేజీకి పనికొస్తుందనీ అనుకున్నాను.

డ్రా లైవ్ అన్నారు. స్టీలు బిందెలో చీట్లు కలుపుతుండగా వీడియో ఆగింది. మళ్లీ వచ్చేసరికి ఓ చిన్నపాప చేతిలో చీటీ ఉంది! ఎన్ని కూపన్లు అమ్మారు, పిల్లాడికి ఎంత ఇచ్చారు అని గ్రూపులో అడిగాను. ‘మంచిపనికి కూడా లెక్కలా మేడమ్?’ అన్నారొకరు. దాని కింద వరసగా దణ్ణాలు.

మంచిపని కాబట్టే అడుగుతున్నాను. వెయ్యి కూపన్లు అమ్మారనుకుందాం, 1,99,000 వస్తుంది. స్కూటీకి లక్ష పోతే నా 398లో పిల్లాడికి చేరేది 198. అదే నేరుగా రెండు వందలిస్తే ఇంకో రెండు రూపాయలు ఎక్కువే ముట్టేవి. ‘ఊరికే అడిగితే యాభై కూడా రాల్చరండీ’ అన్నాడు నిర్వహించిన కుర్రాడు. ఆ మాట నిజమే, తప్పు మాలోనూ ఉంది. అయినా ఇదీ లాటరీయేనని, దాని చట్టం సంగతి అతనికెవరూ చెప్పినట్టు లేదు.

1998 నాటి చట్టం ప్రకారం లాటరీ నడిపే అధికారం రాష్ట్ర ప్రభుత్వాలకే. మన రెండు తెలుగు రాష్ట్రాలూ నడపడం లేదు. సొంతంగా లాటరీ ఆఫీసు పెడితే భారతీయ న్యాయ సంహిత 297వ సెక్షన్ కింద ఆరు నెలల దాకా జైలు. దాని ప్రకటన ప్రచురించినా 5,000 దాకా జరిమానా. గ్రూపులో ఫార్వర్డ్ చేయడం ప్రచురించడం కాదని వాదించే వకీలు దొరుకుతాడేమో. అదే కేరళలో అయితే ప్రభుత్వమే 1967 నుంచీ లాటరీ నడుపుతోంది. 2011లో పెట్టిన కారుణ్య లాటరీ ఉద్దేశం పేదల వైద్యానికి సాయం. అక్కడా అమ్మేది కాగితం టికెట్టే. కాబట్టి ‘కారుణ్య ఆన్‌లైన్ టికెట్’ అని లింకు వస్తే ముట్టుకోకండి.

మా చెల్లెలి కొడుకు కాలిఫోర్నియాలో ఉంటాడు. ‘ఇక్కడ సేవాసంస్థలు ర్యాఫిల్ పెట్టుకోవచ్చు పెద్దమ్మా, కానీ వసూలులో 90 శాతం సేవకే వెళ్లాలి, టికెట్లు ఇంటర్నెట్‌లో అమ్మకూడదు’ అన్నాడు. ఆ టికెట్టును అక్కడి పన్నుల శాఖ విరాళంగా ఒప్పుకోదట. ఇక్కడా అంతే. కూపన్ చూపించి పన్ను మినహాయింపు అడగలేం, గెలిస్తే మాత్రం 30 శాతం పన్ను కట్టాలి.

అందుకే ఇకమీదట నేను క్యూఆర్ కొట్టేముందు పేరు చూస్తాను. వ్యక్తి పేరు కనిపిస్తే ఆగిపోతాను. ఆసుపత్రి ఖాతా అడుగుతాను, రసీదు అడుగుతాను. ‘మీకు బహుమతి తగిలింది, ముందు పన్ను పంపండి’ అని ఫోనొస్తే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫిర్యాదు చేస్తాను.

సంపాదకులూ, మీకూ ఒక మాట. ఆ స్కూటీ తాళం అందిస్తున్న ఫొటో మీ జిల్లా పేజీలో వచ్చింది. గెలిచినాయన పేరుంది, దండలు వేసిన పెద్దల పేర్లున్నాయి. పిల్లాడికి ఎంత అందిందో మాత్రం ఆ నాలుగు లైన్లలో లేదు. మీ విలేకరిని కనుక్కోమనండి.

ఇట్లు,
ఒక పాఠకురాలు, గుంటూరు