టోకెన్లు తెలియని ఎడిటర్ ఎందుకు?

డాలస్‌లోనో న్యూజెర్సీలోనో హైస్కూలు చదివే పిల్లలున్న తెలుగిళ్లలో టీఐ-84 ప్లస్ సీఈ బాగా పరిచయమైన క్యాలిక్యులేటర్. ఇక్కడ జేఈఈ మెయిన్ హాల్లోకి క్యాలిక్యులేటర్ పట్టుకెళ్లనివ్వరు, అక్కడ శాట్ పరీక్షకు తీసుకెళ్లొచ్చు. అందులో ఆటలు కూడా రాయొచ్చని పిల్లాడికి తెలిశాక మొదట వచ్చే ప్రశ్న: ఏ ఎడిటర్ వాడాలి? ఇంట్లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగి ఉంటే తడుముకోకుండా వీఎస్ కోడ్ అనేస్తారు. ఆ క్యాలిక్యులేటర్లోని టీఐ-బేసిక్ భాష వరకు అది వట్టి ఆర్భాటమని నా అభిప్రాయం.

ఎందుకంటే ఆ యంత్రం ప్రోగ్రామును అక్షరాలుగా దాచుకోదు. ఒక్కో ఆదేశానికి ఒక్కో టోకెన్, దానికి ఒకటో రెండో బైట్లు. తెర మీద ఏదైనా చూపించే 'డిస్ప్' ఆదేశం కావాలంటే పీఆర్‌జీఎం మీట నొక్కి, బాణంతో ఐ/ఓ మెనూలోకి జరిగి, మూడోది ఎంచుకోవాలి. అలా కాకుండా ఆల్ఫా మీట సాయంతో డి, ఐ, ఎస్, పి అని కొట్టుకుంటూ పోతే యంత్రం దాన్ని నాలుగు చలరాశుల గుణకారం అనుకుంటుంది! మైనస్ సంగతి ఇంకా తమాషా. తీసివేతకు ఒక మీట, రుణసంఖ్యకు వేరే మీట. తెర మీద రెండూ కవలల్లా ఉంటాయి. అయిదులోంచి మూడు తీసేయబోయి రెండో మీట నొక్కారా, సింటాక్స్ ఎర్రర్. మామూలు టెక్స్ట్ ఎడిటర్‌కు ఈ గొడవేమీ పట్టదు.

కాబట్టి బేసిక్‌కు నా ఓటు సోర్స్‌కోడర్‌కో టోకెన్‌ఐడీఈకో. మొదటిది బ్రౌజర్లోనే నడుస్తుంది. రెండూ అభిమానులు ఊరికే చేసిపెట్టినవి. క్యాలిక్యులేటర్ తయారుచేసే కంపెనీ ఇచ్చే టీఐ కనెక్ట్ సీఈ సాఫ్ట్‌వేర్‌కు కూడా టోకెన్లు తెలుసు గానీ, ఫైళ్లు పంపడానికి తప్ప గంటల తరబడి దాని ముందు కూర్చోబుద్ధి కాదు.

సీ భాషకు వచ్చేసరికి లెక్క మారుతుంది. వీఎస్ కోడ్ వాడతారో, విమ్ వాడతారో మీ ఇష్టం. అక్కడ ప్రాణం పోసేది సీఈఎము అనే ఎమ్యులేటర్. అసలు యంత్రంలో ఉన్నది 48 మెగాహెర్ట్జ్ ఈజెడ్80 చిప్, మనకు దక్కే ర్యామ్ 154 కిలోబైట్లు. ఒక్క పాయింటర్ దారి తప్పితే 'ర్యామ్ క్లియర్డ్' అని తేలుతుంది, ఆర్కైవ్ మెమరీలో దాచుకోనివన్నీ గోవిందా. ఎమ్యులేటర్లో అయితే ఎన్నిసార్లు కూలినా నష్టం లేదు. పైగా ప్రోగ్రామును మధ్యలో ఆపి రిజిస్టర్లూ మెమరీ తీరిగ్గా చూసుకోవచ్చు. దానికి కావలసిన రోమ్‌ను మాత్రం సొంత క్యాలిక్యులేటర్ నుంచే తీసుకోవాలి.

ఇన్ని పనిముట్లున్నా నా పేచీ కంపెనీతోనే. పరీక్షల్లో మోసం జరుగుతుందన్న భయంతో 2020లో కొత్త ఆపరేటింగ్ సిస్టంలో సీ, అసెంబ్లీ ప్రోగ్రాములకు తలుపు మూసేసింది. కట్టుదిట్టం చేయాల్సింది పరీక్ష మోడ్‌ను కదా! ఆ మాటకొస్తే 2009లో అభిమానులు పాత టీఐ-83 ప్లస్ ఆపరేటింగ్ సిస్టంకు వేసే డిజిటల్ సంతకం కీని ఛేదించినప్పుడూ నోటీసులే పంపింది. ఇప్పుడు పైథాన్ మోడల్ ఇచ్చాం కదా అనొచ్చు. ఆ పైథాన్ నడిచేది పక్కన పెట్టిన వేరే ప్రాసెసర్ మీద. అసలు చిప్‌తో ఆడుకోవడమనే సరదా అందులో ఎక్కడ? ఆర్టిఫైస్ అని అభిమానులే ఒక దొడ్డిదారి కనిపెట్టారనుకోండి, పదో తరగతి పిల్లాడితో మొదటి రోజే తాళాలు తీయించడం నాకు నచ్చదు.

సెకండ్ హ్యాండ్‌లో కొనేవాళ్లు మెమరీ మెనూలో అబౌట్ తెరిచి చూడండి. ఆపరేటింగ్ సిస్టం వెర్షన్ 5.4 గానీ అంతకు ముందుది గానీ అయితే సీ, అసెంబ్లీలకు తలుపు తెరిచే ఉన్నట్టు, బేరం కుదుర్చుకోండి. ఇంటికి తెచ్చాక అప్‌డేట్ మాత్రం చేయకండి.