విజేందర్ సింగ్: పతకం నుండి పారితోషికం దాకా

ఒలింపిక్ క్రీడలలో భారతదేశానికి బాక్సింగ్‌లో తొలి పతకం 2008లో బీజింగ్‌లో లభించింది. తెచ్చినవాడు హర్యానాలోని భివానీ జిల్లా కాలువాస్ గ్రామానికి చెందిన విజేందర్ సింగ్. తండ్రి హర్యానా రవాణా సంస్థలో బస్సు డ్రైవరు. అన్నకు బాక్సింగ్ ప్రతిభ ఆధారంగానే సైన్యంలో ఉద్యోగం వచ్చింది. తమ్ముడు చేతికి గ్లవ్స్ తొడగడానికి ఆ ఉద్యోగం ఒక ముఖ్య కారణం. ఈ సంగతిని చిన్నదిగా తీసివేయరాదు. ఆ ప్రాంతంలో పిడికిలి బిగించిన పిల్లవాడు మొదట చూసేది కీర్తిని కాదు, నెల తిరిగేసరికి ఇంటికి వచ్చే జీతాన్ని.

ఆ లెక్క విజేందర్ విషయంలో తప్పలేదు. 2009లో మిలాన్ ప్రపంచ పోటీలలో కాంస్యం, 2010లో గ్వాంగ్‌జౌ ఆసియా క్రీడలలో స్వర్ణం వచ్చాయి. హర్యానా పోలీసు శాఖలో డీఎస్పీ పదవి దక్కింది. అటువంటి స్థితిలో 2015లో ఆయన బ్రిటన్‌కు చెందిన ప్రమోషన్ సంస్థతో ఒప్పందం కుదుర్చుకుని, మాంచెస్టర్‌లో శిక్షణ పొంది, వృత్తి బాక్సింగ్‌లో అడుగుపెట్టారు. పోలీసు ఉద్యోగంలో ఉంటూ వృత్తి పోటీలు ఆడవచ్చునా అన్న ప్రశ్న న్యాయస్థానం వరకు వెళ్లింది. నాటి నిబంధనల ప్రకారం వృత్తి పోటీలలోకి వెళ్లినవారికి ఒలింపిక్స్ తలుపు మూసుకుపోయేది. తీరా 2016లో, రియో క్రీడలకు కొద్ది కాలం ముందు, అంతర్జాతీయ సమాఖ్య ఆ నిషేధాన్ని ఎత్తివేసింది!

పేరు ఒకటే అయినా ఈ రెండు బాక్సింగులూ రెండు వేర్వేరు వ్యవస్థలు. పతకాల పోటీలో మూడు రౌండ్ల వేగమే ప్రధానం; ప్రయాణ ఖర్చు, శిక్షణ, వైద్యం ప్రధానంగా సమాఖ్యలు, ప్రభుత్వాలు భరిస్తాయి. వృత్తి పోటీ నాలుగు రౌండ్లతో మొదలై, టైటిల్ స్థాయికి వచ్చేసరికి పది, పన్నెండు రౌండ్లకు చేరుతుంది. అక్కడ ప్రమోటరు పోటీ కుదర్చాలి, ప్రేక్షకుడు టికెట్టు కొనాలి, టెలివిజన్ సంస్థ ముందుకు రావాలి. ఇవి కలిసిరాకపోతే ఎంతటి యోధుడైనా ఇంట కూర్చోవలసిందే.

విజేందర్ వృత్తి జీవితాన్ని గెలుపు ఓటములతో కాక తేదీలతో చదివితే ఈ విషయం స్పష్టపడుతుంది. 2015 అక్టోబరు నుండి 2016 డిసెంబరు వరకు పదిహేను నెలలలో ఆయన ఎనిమిది పోటీలు ఆడి, ఎనిమిదీ గెలిచారు. 2016 జులైలో ఢిల్లీ త్యాగరాజ్ స్టేడియంలో ఆస్ట్రేలియా నివాసి కెర్రీ హోప్‌ను పది రౌండ్లలో ఓడించి డబ్ల్యూబీఓ ఆసియా పసిఫిక్ సూపర్ మిడిల్‌వెయిట్ టైటిల్ సాధించారు. ఆ తర్వాత ఆరేళ్లకు దగ్గర పడిన కాలంలో ఆడినవి ఆరే. 2018లో ఒక్కటీ లేదు. 2020లోనూ లేదు. 2021 మార్చిలో గోవాలో ఒక క్యాసినో నౌకపై జరిగిన పోటీలో రష్యా యువకుడు ఆర్టిష్ లోప్సాన్ చేతిలో ఐదవ రౌండులో తొలి ఓటమి ఎదురైంది. పదిహేను నెలలకు పైగా పోటీ లేని దేహం, ముప్పయి అయిదేళ్ల వయస్సు. అంతకు మించిన కారణం వెదకనక్కరలేదు. 2022 ఆగస్టులో రాయ్‌పూర్‌లో ఘనాకు చెందిన ఎలియాసు సులేను రెండవ రౌండులోనే ఓడించడంతో లెక్క పదమూడు గెలుపులు, ఒక ఓటమికి చేరింది.

మన పత్రికలు ఆ రోజులలో ఆసియా పసిఫిక్ టైటిల్‌ను దాదాపు ప్రపంచ కిరీటంగా వర్ణించాయి. అది ప్రాంతీయ టైటిల్ మాత్రమే. ప్రపంచ స్థాయిలో ప్రధానమైనవిగా పరిగణించే నాలుగు సంస్థల టైటిళ్లలో దేనికీ ఆయన పోటీపడలేదు. బీజింగ్ క్వార్టర్ ఫైనల్‌లో ఆయన చేతిలో ఓడిన ఈక్వెడార్ బాక్సర్ కార్లోస్ గోంగోరా 2020లో ఐబీఓ సంస్థ ప్రపంచ టైటిల్ గెలిచాడు. ఆ నాలుగింటిలో చేరని సంస్థే అయినా, పోల్చి చూడదగిన సంగతి. లోపం విజేందర్ పిడికిలిలో ఉన్నదని అనలేము. ఢిల్లీ, ముంబయి, జైపూర్‌లలో ఆయన పోటీలకు జనం వచ్చారు. కానీ ఒక్క పేరు మీద నడిచిన సంత అది. ఆయన ఆడని నెలలలో దానిని నిలబెట్టగల మరో పది పేర్లు తయారు కాలేదు.

రాజకీయ ప్రవేశం కూడా ఈ విరామాల నడుమనే జరిగింది. 2019లో పోలీసు ఉద్యోగానికి రాజీనామా చేసి, దక్షిణ ఢిల్లీ నుండి కాంగ్రెస్ అభ్యర్థిగా లోక్‌సభకు పోటీచేసి ఓడిపోయారు. 2024లో భారతీయ జనతా పార్టీలో చేరారు.

తెలుగు కుటుంబాలకు ఈ విషయం దూరమైనది కాదు. నిజామాబాద్ బిడ్డ నిఖత్ జరీన్ 2022లో ఇస్తాంబుల్‌లోనూ, 2023లో ఢిల్లీలోనూ ప్రపంచ విజేతగా నిలిచింది. తెలంగాణ ప్రభుత్వం 2024లో ఆమెకు డీఎస్పీ ఉద్యోగం ఇచ్చింది. అంటే పతకానికి కొలువు అన్న దారి మన వైపునా ఉన్నది. సరిహద్దు గ్రామాలవారికి మాత్రం ఇందులో ఒక చిక్కు ఉన్నది. బళ్లారిలో పెరిగిన తెలుగు పిల్ల సాధారణంగా కర్ణాటక జట్టుకు ఆడుతుంది, హొసూరు పిల్లవాడు తమిళనాడుకు, రాయగడవాడు ఒడిశాకు. రాష్ట్రాలు ఇచ్చే బహుమతులు, ఉద్యోగాలు సాధారణంగా ఆ నివాసాన్నీ, ఆ జట్టునూ అనుసరిస్తాయి, మాతృభాషను కాదు. రైల్వే, సైన్యం కొలువులకు ఈ అడ్డు లేదు. వృత్తి బాక్సింగ్‌లో ఈ రాష్ట్రాల గొడవే లేదు, అయితే వెనుక నిలిచే రాష్ట్రమూ ఉండదు.

హర్యానాకే చెందిన నిశాంత్ దేవ్ 2025 జనవరిలో అమెరికాలోని లాస్ వేగాస్‌లో తొలి వృత్తి పోటీ ఆడి మొదటి రౌండులోనే గెలిచాడు. అప్పటికి అతని వయస్సు 24. విజేందర్ అదే అడుగు వేసేనాటికి ముప్పయి ఏళ్లు నిండడానికి పందొమ్మిది రోజులే మిగిలి ఉన్నాయి.