అధ్యక్షా, ఇది అన్యాయం!

శుక్రవారం నుంచీ ఒక ఎర్రరు నన్ను సతాయిస్తోంది. సోమవారం పొద్దున్నే గూగుల్లో వెతికి మొదటి లింకు నొక్కానో లేదో, స్క్రీను నిండా ఎర్రక్షరాలు: "ఈ సైటు నిషిద్ధం. వర్గం: బ్లాగులు". పరిష్కారం కనిపెట్టిన మహానుభావుడు దాన్ని తన బ్లాగులో రాసుకోవడమే పాపమైపోయింది! ఫిల్టరు బోర్డు చూస్తుంది గానీ లోపలి సరుకు చూడదు కదా.

అధ్యక్షా, ఇది ఉద్యోగి హక్కుల మీద దాడి! నవ్వకండి. ఇంటర్నెట్ వాడుకోవడం 21వ అధికరణం కింద హక్కేనని 2019లో కేరళ హైకోర్టు ఒక హాస్టలు విద్యార్థిని కేసులో చెప్పింది. సరే, అది హాస్టలు, ఇది ఆఫీసు. ఆ తీర్పు పట్టుకుని హెచ్చార్ దగ్గరికెళితే టీ ఇచ్చి పంపిస్తారు. కంపెనీ లాప్‌టాపు, కంపెనీ ఇష్టం. ఒప్పుకున్నా.

నా గొడవ వేరే. పగలు నా సొంత మెయిలు చూసుకుంటే క్రమశిక్షణ లేనట్టు. మరి రాత్రి 11 గంటలకి, కంచం ముందు కూర్చున్నప్పుడు వచ్చే "రెండు నిమిషాల కాల్" ఏ వర్గం? దాన్ని ఏ ఫైర్‌వాల్ ఆపుతుంది? పనివేళలు దాటాక ఉద్యోగిని వదిలేయడం గురించి పెద్ద కంపెనీలు కార్మిక సంఘాలతో మాట్లాడాల్సిందేనని ఫ్రాన్సులో 2017 నుంచీ చట్టముంది.

గోడ కడితే రెండు వైపులా కట్టండి. మా ఇల్లు మీ ఆఫీసులోకి రాకూడదంటే, మీ ఆఫీసూ మా ఇంట్లోకి రాకూడదు.

అన్నట్టు, ఆ ఎర్రరు పోయింది. నా ఫోన్లో, నా డేటాతో ఆ బ్లాగు చదివి సరిచేశాను. బిల్లు ఎవరికి పంపమంటారు అధ్యక్షా?