చలి తిన్న పండు

ఆపిల్‌కు తెలుగులో “సీమరేగు” అని ఒక పేరుంది. ఎరుగని పండు ఎదురైతే, ఎరిగిన పండు పేరుకు ముందు “సీమ” తగిలించడం మనవాళ్ళ పద్ధతి. సీమచింత అలా వచ్చిందే. ఇప్పుడు తమాషా చూడండి. చలికాలంలో మా తణుకు బజారులో పెద్ద రేగుపళ్ళ బండివాడు “ఆపిల్ రేగు!” అని కేకవేస్తాడు. ఒకనాడు రేగు పేరు ఆపిల్‌కు పెట్టాం. ఈనాడు ఆపిల్ పేరు పెడితేగాని రేగు అమ్ముడుపోవడం లేదు!

“మన డెల్టాలో పండనిది లేదంటారు గదా మాస్టారూ, మరి ఆపిల్ ఎందుకు పండదండీ?” అని మా విద్యార్థి ఒకడు అడిగాడు. మంచి ప్రశ్న. మనకు లేనిది నేలా కాదు, నీరూ కాదు, చలి. ఆపిల్ చెట్టు శీతాకాలమంతా ఆకు రాల్చి నిద్రపోవాలి. మామూలు రకాలకు 7 డిగ్రీల సెంటిగ్రేడుకు లోపు చలి సుమారు 1,000 గంటలైనా తగిలితేగాని వసంతంలో మొగ్గ సరిగా విచ్చదు. మన ధనుర్మాసపు చలి మనచేత దుప్పటి కప్పిస్తుందేగాని, ఆపిల్ చెట్టును నిద్రపుచ్చలేదు.

అందుకే దాని పుట్టిల్లు కజకస్తాన్ వైపు తియాన్ షాన్ కొండలు. మన దేశంలో పంట అధికభాగం కాశ్మీరానిది. సోపూర్, షోపియాన్ అందుకు పేరుపడ్డాయి. తరువాత హిమాచలం. 1904లో వచ్చిన శామ్యూల్ స్టోక్స్ అనే అమెరికన్ సిమ్లా దాపున కోట్‌గఢ్‌లో స్థిరపడి, తన దేశపు డెలిషస్ రకాలు నాటి, అక్కడి రైతులకు అలవాటు చేశాడు. మన స్వాతంత్ర్యోద్యమంలో జైలుకు వెళ్ళాడు. 1932లో సత్యానంద్ అయ్యాడు. ఆయనా మనవాడే అయ్యాడు, ఆయన చెట్టూ మనదే అయింది.

చలి అంతగా అక్కరలేని రకాన్ని బిలాస్‌పూర్ జిల్లా రైతు హరిమన్ శర్మ వృద్ధిచేశారు. 2025లో పద్మశ్రీ ఆయనను వరించింది. ఇలాంటి రకాలు వచ్చాక తెలుగు నేలమీదా ఆశ చిగిర్చింది. మన్యంలో లంబసింగి, చింతపల్లి ప్రాంతాల్లో మొక్కలు నాటి చూశారు. ఆసిఫాబాదు జిల్లా కెరమెరి మండలం ధనోరా రైతు ఒకరు 2020లో తన తోట తొలిపండ్లను ముఖ్యమంత్రికి అందించారు. విని నేనూ పొంగిపోయాను.

కాని ఒక్క మాట. మా వీధిలో ఒక గుమాస్తాగారు, జ్వరంనుంచి కోలుకుంటున్న కొడుక్కోసం నెలాఖరున అప్పుచేసి ఆపిల్ పళ్ళు కొన్నారు. ఆ పెరట్లోనే జామ విరగకాసి రామచిలకల పాలవుతోంది! నూరు గ్రాముల జామలో సి విటమిను 200 మిల్లీగ్రాములకు పైమాటే. అంతే ఆపిల్‌లో సుమారు 5 మిల్లీగ్రాములే. ఆపిల్ చెడ్డదని కాదు సుమండీ! అది రుచికి తినవలసిన పండేగాని, పరువుకోసం కొనవలసినది కాదంటాను. రోగిని చూడబోతూ చేతిసంచీలో నాలుగు దోరజామకాయలు వేసుకువెళ్ళండి. ఎవరైనా చిన్నచూపు చూస్తే, ఈ లెక్క చెప్పండి. అంతేగాని, వాటికి “ఆపిల్ జామ” అని మాత్రం పేరు పెట్టకండి!